పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి మా సీలింగ్ కారుతోంది: పగలగొట్టాలా, కెమికల్‌తో సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ. రెండు నెలలుగా మీ బాత్రూమ్ సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయి, ఇప్పుడు పక్కనున్న బెడ్‌రూమ్ గోడ పైభాగంలో కూడా పెయింట్ ఉబ్బింది. పై ఫ్లాట్ వాళ్లేమో "మా ఇంట్లో ఎక్కడా లీకేజీ లేదు" అంటున్నారు. ఇద్దరు ప్లంబర్లను పిలిస్తే ఒకాయన కింది నుంచే కెమికల్ ఇంజెక్షన్ కొడితే ఆగిపోతుందన్నాడు, ఇంకొకాయన పై బాత్రూమ్ మొత్తం పగలగొట్టాల్సిందే అన్నాడు. ఎవరి మాట నమ్మాలి, ఈలోగా పెయింట్ వేయించుకోవచ్చా అని.

సూటిగా చెబుతాను. ఇద్దరిలో ఎవరి మాటా ఇప్పుడే వినకండి. కారుతున్నవి ఏ నీళ్లో తేలేదాకా ఒక్క టైలు కూడా పగలకూడదు, సీలింగ్‌కి ఒక్క సూది కూడా గుచ్చకూడదు. ట్యాంకు నుంచి వచ్చే పైపు నీళ్లా, వాడి వదిలేసిన డ్రైనేజీ నీళ్లా, టైల్స్ కింద నానిన నీళ్లా, వాన నీళ్లా అన్నది ముందు తేలాలి. దానికి వారం పది రోజుల ఓపిక, ఒక నోట్‌బుక్, పై ఫ్లాట్ వాళ్ల సహకారం ఉంటే చాలు. తేలాక రిపేర్ చాలావరకు పైనుంచే చేయాల్సి వస్తుంది. పెయింట్ సంగతి అన్నింటికంటే చివర.

ఇరవై రెండేళ్లుగా అపార్ట్‌మెంట్లలో ప్లంబింగ్, వాటర్‌ప్రూఫింగ్ రిపేర్లే చేయిస్తున్నాను. ఇన్నేళ్లలో ఎక్కువ నష్టం నీళ్లవల్ల జరగడం చూడలేదు, తొందరపడి తప్పుచోట పగలగొట్టడం వల్ల జరగడం చూశాను. పగలగొట్టాక కూడా కారుతూనే ఉంటే పై వాళ్లు ఇక రెండోసారి తలుపు తీయరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు కరెంటు సంగతి, ఇది ఆలస్యం చేయొద్దు. సీలింగ్ తడిసిన చోట లైటు పాయింటు, ఎగ్జాస్ట్ ఫ్యాను, గీజర్ వైరు ఏదైనా ఉంటే మెయిన్ బోర్డులో ఆ సర్క్యూట్ స్విచ్ (ఎంసీబీ) ఈ రోజే ఆపేయండి. నీళ్లు స్లాబులోని కరెంటు పైపులోకి దిగితే ఎక్కడో దూరంగా ఉన్న స్విచ్‌బోర్డులోంచి బయటికి వస్తాయి. బెడ్‌రూమ్ గోడ ఉబ్బిందన్నారు కాబట్టి ఆ గోడ మీద స్విచ్‌బోర్డు ఉందేమో చూడండి, ఉంటే తడిచేత్తో ముట్టుకోవద్దు. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్) ఉన్న ఇళ్లలో అది ఊరికే పడిపోతుంటే "ఇదేదో పాడైంది" అని పక్కన పెట్టేసి డైరెక్ట్ చేయించుకునేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. అది పడిపోతోందంటే కరెంటు తడిలోంచి లీకవుతోందని మీకు చెబుతోందన్నమాట.

ఫాల్స్ సీలింగ్ ఉండి అది కడుపులా కిందికి దిగితే నీళ్లు పైన నిలిచాయని అర్థం. లీటరు నీళ్లంటే కిలో బరువు, ఒక్కసారిగా ఊడి నెత్తిన పడుతుంది. కరెంటు ఆపి, కింద బకెట్ పెట్టి, మీరు పక్కకి నిలబడి, బాగా దిగిన చోట స్క్రూడ్రైవర్‌తో చిన్న బొక్క పెట్టండి. బోర్డు పోయినా చిన్న ముక్కే పోతుంది.

ఇక అసలు విషయం. లీకేజీ ఎక్కడుందో చెప్పేది మరక కాదు, టైమ్. మరక ఉన్నచోటే పైన లీకేజీ ఉంటుందని అనుకోకూడదు, స్లాబులో నీళ్లు సందు దొరికినచోట నడిచి, వీలైనచోట దిగుతాయి. ఆరడుగుల అవతల దిగడం కూడా చూశాను. కానీ ఎప్పుడు కారుతోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నది మాత్రం అబద్ధం చెప్పదు.

కాబట్టి కారే చోట బకెట్ పెట్టి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి పడుకునే ముందు ఎన్ని నీళ్లు పడ్డాయో కొలిచి టైముతో సహా రాయండి. మూడు రోజులు చాలు. బొట్లు పడకుండా తడి మాత్రమే ఉంటే పెన్సిల్‌తో మరక అంచు గీసి పక్కన తేదీ, టైమ్ వేయండి, మర్నాడు గీత దాటిందో లేదో తెలిసిపోతుంది. రాసింది చూస్తే లెక్క ఇలా ఉంటుంది.

రాత్రీ పగలూ ఒకే తీరుగా కారుతుంటే, పైవాళ్లు ఊరెళ్లినా ఆగకపోతే, అది దాదాపుగా ప్రెషర్ లైను. గోడలో దాచిన ట్యాంకు నీళ్ల పైపు, దాని జాయింటు, లేదా ట్యాప్ వెనకున్న ఎల్బో. అందులో ఎప్పుడూ నీళ్లు నిండి ఉంటాయి కాబట్టి దానికి సెలవు ఉండదు.

ఎవరో స్నానం చేశాక, బట్టలు ఉతికాక కాసేపటికి మొదలై కాసేపటికి ఆగితే డ్రైనేజీ. నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ కింద ఉండే గిన్నె), దాని జాయింటు, కమోడ్ కింద కనెక్షన్, లేదా పైపు స్లాబులోంచి దిగేచోట ఉన్న సందు.

వాడిన కొన్ని గంటలకి నెమ్మదిగా పెరిగి, వాడటం ఆపినా రోజుల తరబడి కారుతూనే ఉంటే టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పోయింది. కింద నింపిన ఇటుక ముక్కలు, ఇసుక నీళ్లు తాగి, స్పాంజిలా మెల్లగా వదులుతాయి. ఇక్కడే చాలామంది మోసపోతారు, "మేం రెండు రోజులు బాత్రూమ్ వాడలేదు, అయినా కారింది, కాబట్టి మాది కాదు" అని పైవాళ్లు నిజాయితీగానే అంటారు. రెండు రోజులు సరిపోవు, బాగా నానిన ఫిల్లింగ్ వారం పైన కూడా వదులుతూ ఉంటుంది.

వానకే కారితే బయటి గోడ పగుళ్లు, కిటికీ కింద సందు, డక్ట్ (నిలువు పైపులు దిగే ఖాళీ) వైపు పైపుల చుట్టూ సందు, ఆఖరి అంతస్తు అయితే టెర్రస్. ఇక వేడి ఎక్కువున్న రోజుల్లోనే కారితే ఏసీ డ్రెయిన్ పైపుని అనుమానించండి. ఒక ఇంట్లో బెడ్‌రూమ్ మూల మూడేళ్ల పాటు ఎండాకాలంలోనే తడుస్తుంటే పై బాత్రూమ్ టైల్స్ మొత్తం మార్పించారు, ఆ తర్వాతి ఎండాకాలం మళ్లీ తడిసింది. తీరా చూస్తే పై గది ఏసీ నుంచి గోడలో దాచిన సన్నటి డ్రెయిన్ పైపు జాయింటు ఊడి ఉంది. రోజూ పది నిమిషాలు నోట్‌బుక్‌కి కేటాయించి ఉంటే ఆ బాత్రూమ్ పగిలేదే కాదు.

మీ ప్రశ్నలో ఒక మాట నన్ను ఆపింది. "పొద్దున పూట ఎక్కువ" అని రాశారు. అది డ్రైనేజీ కావచ్చు, కానీ వేడినీళ్ల లైను కూడా కావచ్చు, రెండూ పొద్దునే వాడతారు కదా. ఇలాంటిదే నాకొకటి తగిలింది. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా బొట్లు, తర్వాత ఆగిపోతుంది. అందరూ నహానీ ట్రాప్ అన్నారు. నేను ఊరికే ఆ బొట్టు కింద అరచెయ్యి పెట్టాను, గోరువెచ్చగా ఉంది. స్నానం చేసి వదిలిన నీళ్లు అంత మందం దాటి వచ్చేసరికి చల్లారిపోతాయి, ఇది దగ్గరలోంచే వస్తోంది. గీజర్ నుంచి షవర్‌కి వెళ్లే లైనులో ఎవరో రిపేర్ చేస్తూ వేడినీళ్లకి వాడే సీపీవీసీ పైపు వేయాల్సిన చోట చల్లనీళ్లకి వాడే మామూలు యూపీవీసీ ముక్క అతికించారు. సీపీవీసీ 93 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారవుతుంది, యూపీవీసీ 60 దాటితే మెత్తబడుతుంది. వేడి తగిలినప్పుడల్లా జాయింటు సడలేది, చల్లారాక బిగిసేది. రెండు టైల్స్‌తో పని అయిపోయింది. మీరూ ఒకసారి చెయ్యి పెట్టి చూడండి, వాసన కూడా చూడండి. సబ్బు వాసన, నురగ ఉంటే డ్రైనేజీ. తేటగా ఏ వాసనా లేకపోతే పైపు లైను.

టైమ్ చూసి ఒక అనుమానానికి వచ్చాక పై ఫ్లాట్‌లో టెస్టులు చేయాలి. వీటిలో ఒక్కో టెస్టుకి మధ్య కనీసం ఒక రోజు గ్యాప్ ఉండాలి, రెండు టెస్టులు కలిపి చేయకూడదు. కలిపి చేస్తే కారింది కానీ దేనికి కారిందో తెలియదు, మళ్లీ మొదటికే.

మొదటిది వాల్వు టెస్టు. రాత్రి పడుకునే ముందు పై బాత్రూమ్‌కి వచ్చే చల్లనీళ్ల, వేడినీళ్ల వాల్వులు రెండూ కట్టేయించండి, పొద్దున్నే కింద చూడండి. మామూలు రాత్రుల కంటే బొట్లు తగ్గితే ప్రెషర్ లైను. ఫ్లాట్‌కి మీటర్ ఉంటే ఇంకా తేలిక, అన్ని ట్యాపులూ కట్టి రెండు గంటల తేడాతో రెండుసార్లు ఫొటో తీయండి, అంకె కదిలిందంటే నీళ్లు ఎక్కడికో పోతున్నాయి. ముందు ఫ్లష్ ట్యాంకులో కొంచెం రంగు వేసి కదపకుండా అరగంట ఉంచండి, కమోడ్ గిన్నెలోకి రంగు దిగితే మీటర్ కదలడానికి అదే కారణం కావచ్చు. లైను మీద గట్టి అనుమానం ఉంటే ప్లంబర్ చేత చేతిపంపుతో ప్రెషర్ టెస్టు చేయించండి, గేజ్ ముల్లు నిలబడితే లైను మంచిది, దిగుతూ ఉంటే కాదు. పాత లైనుకి మరీ ఎక్కువ ప్రెషర్ పెట్టనివ్వకండి, బాగున్న జాయింట్లు కూడా వదులుతాయి.

రెండోది డ్రైనేజీ. ఫ్లోర్ తడవకుండా, గొట్టం పెట్టి నేరుగా ట్రాప్‌లోకే నాలుగైదు బకెట్లు పోయండి. నీళ్లలో రంగు కలిపితే కింద రంగు దిగుతుంది, దానికిక వాదన ఉండదు. వాష్‌బేసిన్, కమోడ్, ట్రాప్ విడివిడిగా, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు రంగులతో.

మూడోది నీళ్లు నిలబెట్టడం. ట్రాప్ మూతిని బిగించి ఫ్లోర్ మీద 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం నీళ్లు నింపి 24 నుంచి 48 గంటలు ఉంచాలి, గోడ మీద నీటి మట్టం గీత గీయాలి. పక్కనే ఒక టబ్బులో నీళ్లు పోసి దానికీ గీత పెట్టండి, ఆవిరైపోయింది ఎంతో టబ్బు చెబుతుంది, మిగతాది కిందికి దిగినట్టు. మేస్త్రీలు ఉత్సాహంతో గుమ్మం దాకా నింపేస్తారు, ఆపండి. చదరపు మీటరుకి 50 మిల్లీమీటర్ల నీళ్లు 50 కిలోలు. తుప్పుపట్టిన పాత స్లాబు మీద ఆ బరువు అనవసరం. ఈ టెస్టులో కారకపోతే వాటర్‌ప్రూఫింగ్ బాగుందని అనుకోవద్దు, గోడలు మిగిలి ఉన్నాయి. షవర్ నీళ్లు గోడ టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్‌లోంచి వెనక్కి దిగుతాయి. మామూలు సిమెంట్ గ్రౌట్ నీళ్లు ఆపదు, ఆపాల్సింది దాని వెనకున్న కోటింగ్. కాబట్టి చివరగా ట్రాప్ తెరిచి, షవర్‌ని గోడ వైపు తిప్పి అరగంట వదలండి.

ఇవన్నీ పైవాళ్ల ఇంట్లో జరగాల్సినవి. అందుకే వాళ్లతో ఎలా మాట్లాడారన్నది ప్లంబర్ పనితనం కంటే ఎక్కువ ముఖ్యం, నేను ఊరికే అనడం లేదు. "మీ వల్ల మా ఇల్లు పాడైపోయింది" అని మొదలుపెట్టిన చోట పని నెలలు పట్టింది. "అండీ, ఒక్కసారి కిందికి వచ్చి చూస్తారా" అని పిలిచిన చోట వారంలో తెమిలింది. వాళ్లకి వాళ్ల ఫ్లోర్ పొడిగా మెరుస్తూ కనిపిస్తుంది, లీకేజీ లేదు అన్నప్పుడు వాళ్లు కళ్లతో చూసిందే చెబుతున్నారు. నీళ్లు టైల్ కింద ఉన్నాయి, అవి కనిపించేది మీకే. వాళ్లని తీసుకొచ్చి ఆ ఉబ్బిన పెయింట్ కింద చేత్తో తడమనివ్వండి, నోట్‌బుక్ చూపించండి, ఇది ఇలాగే వదిలేస్తే పాడయ్యేది వాళ్లు నిలబడే స్లాబే అని చెప్పండి.

అది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. కాంక్రీటు క్షార గుణం స్లాబులోని ఇనుముని తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏళ్ల తరబడి నీళ్లు కారితే లోపలి సున్నం కరిగి బయటికి వస్తుంది, గాలి తగిలి గట్టిపడుతుంది, సీలింగ్ మీద మీరు చూసే తెల్లటి పొడి, కొన్నిచోట్ల వేలాడే తెల్లటి పుల్లలు అవే. కాపలా పోయాక ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. లోపల చోటు లేక కాంక్రీటుని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. తెల్లమరక చూస్తే తొందరపడండి, ఎర్రటి తుప్పు మరక, ఊచ వెంట పొడవాటి పగులు, కొడితే డొల్ల శబ్దం ఉంటే మాత్రం ప్లంబర్‌ని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. తుప్పు పట్టిన ఊచల మీద సిమెంట్ పూసి కప్పేసే మేస్త్రీకి ఒప్పుకోకండి, పెచ్చులు ఊడితే మనిషి ప్రాణానికే ప్రమాదం.

ఖర్చు ఎవరిది అన్న గొడవ ఎలాగూ వస్తుంది. సాధారణంగా ఒక ఫ్లాట్ లోపలి టైల్స్, పైపులు, ట్రాప్‌లు ఆ ఫ్లాట్ ఓనర్‌వి, అందరి నీళ్లూ దిగే నిలువు పైపులు, టెర్రస్, బయటి గోడలు అందరివీ. కానీ మీ భవనం నియమాల్లో ఏం రాసుందో అదే లెక్క, అసోసియేషన్ దగ్గర కాపీ తీసుకుని చదవండి. ఎవరిది అన్నది తేలకముందే టెస్టుల ఖర్చు మాత్రం సగం సగం పెట్టుకుందామని మీరే అనండి. ఫలితం ఎటు వచ్చినా ఇద్దరూ నమ్ముతారు. ఫొటోలు, వీడియోలు తేదీలతో దాచండి, మాట్లాడుకున్నది నాలుగు లైన్లయినా రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి: ఎన్ని రోజులు పని, పగిలిన టైల్స్ బదులు ఏవి వేస్తారు, కింద మీ సీలింగ్ ఎవరు బాగుచేయిస్తారు. అదే డిజైను టైల్స్ పదేళ్ల తర్వాత దొరకవు, గొడవల్లో సగం అక్కడే మొదలవుతాయి.

డక్ట్‌లోని నిలువు పైపుని మర్చిపోవద్దు అన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఒకచోట కింది ఇంటివాళ్లకీ పై ఇంటివాళ్లకీ ఎనిమిది నెలలు మాటల్లేవు. నేను వెళ్లి డక్ట్‌లో పైపు వెనకవైపు వేలు పెట్టి కింది నుంచి పైదాకా తడిమాను. ముందువైపు పొడి, గోడ వైపు సన్నటి నాచు గీత, జారుడుగా, తడిగా. ఆ గీత పై ఇంటి దగ్గర ఆగలేదు, ఇంకా పైకి పోయింది. రెండంతస్తుల పైన రెండు పైపులను కలిపే ఒక కప్లింగ్‌లో రబ్బరు రింగు మెలిపడి ఉంది, నీళ్లు పైపు వీపు వెంట నడిచి ఇక్కడ స్లాబు సందులో దూరుతున్నాయి. ఎనిమిది నెలలు ఒకరినొకరు తిట్టుకున్న ఆ రెండు కుటుంబాల్లో ఎవరి తప్పూ లేదు.

ఇప్పుడు మీ ఇద్దరు ప్లంబర్ల సంగతి. మొదటి ఆయన చెప్పిన, కింది నుంచి కొట్టే పీయూ (పాలీయురేథేన్ అనే కెమికల్) ఇంజెక్షన్ అంటే, సీలింగ్‌లో రంధ్రాలు చేసి ప్రెషర్‌తో ద్రవాన్ని ఎక్కిస్తారు, అది నీళ్లు తగలగానే ఉబ్బి ఆ దారి మూసేస్తుంది. అది పనికిరానిదని అనను. పైనుంచి తవ్వే వీలు లేని చోట, స్లాబు పోసినప్పుడు పడిన జాయింటులో, భూమిలోపలి గోడల్లో బాగా పనిచేస్తుంది, నేనూ వాడతాను. కానీ మీ విషయంలో పై నుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి, ఈ దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటాయి, స్లాబు మాత్రం ఎప్పుడూ తడిలోనే నానుతూ ఉంటుంది. ఇంజెక్షన్ తర్వాత మూడు నెలలు హాయిగా ఉండి, నాలుగో నెల పక్క గదిలో కారిన ఇళ్లు చాలా చూశాను. కింద సిమెంట్, పుట్టీ పూసి మూసేయడం అయితే ఇంకా అన్యాయం.

అలాగని రెండో ఆయన చెప్పినట్టు మొత్తం పగలగొట్టడం కూడా ప్రతిసారీ అవసరం లేదు. ప్రెషర్ లైను అయితే ఒకటి రెండు టైల్స్ తీస్తే చాలు. కొత్తలో నేనూ ఈ తప్పు చేశాను. ఒక బాత్రూమ్ మొత్తం తవ్వించి, కోటింగ్ వేయించి, కొత్త టైల్స్ వేయించాక పది రోజులకి మళ్లీ అదేచోట బొట్టు పడింది. ఆ ఇంటి పెద్దాయన ఏమీ అనలేదు, స్టూల్ వేసుకుని సీలింగ్ వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు అది ఇప్పటికీ గుర్తుంది. చివరికి దొరికింది ఒక స్క్రూ. టవల్ స్టాండ్ బిగించడానికి ఏళ్ల కింద ఎవరో డ్రిల్ చేసినప్పుడు అది దాచిన పైపుకి తగిలింది, స్క్రూనే బిరడాలా ఉండి అన్నేళ్లు ఆపింది, తుప్పుపట్టి సన్నబడ్డాక వదిలేసింది. బయటికి తీస్తే దాని మొన పెన్సిల్ ముల్లులా అరిగి ఉంది. వాల్వు టెస్టు చేసి ఉంటే ఒక్క రాత్రిలో తెలిసేది. మీ పై బాత్రూమ్‌లో ఈ మధ్య ఏదైనా స్టాండు, అద్దం, హ్యాండిల్ బిగించారేమో అడగండి.

టెస్టుల్లో వాటర్‌ప్రూఫింగే పోయిందని తేలితే మాత్రం, అప్పుడు రెండో ఆయనే కరెక్ట్, సగం సగం పని చేయించకండి. పాత టైల్స్ మీద కొత్త టైల్స్ అతికించడం, గ్రౌట్ గీకి ఎపాక్సీ నింపడం కొంతకాలం నీళ్లు తగ్గిస్తాయి, బడ్జెట్ కుదరనప్పుడు ఏడాది గడపడానికి పనికొస్తాయి, రిపేర్ అనుకోవద్దు. అసలు పని ఇలా ఉంటుంది: టైల్స్, కింద ఫిల్లింగ్ మొత్తం తీసి స్లాబు కనపడేదాకా శుభ్రం చేయాలి. పైపులు స్లాబులోంచి దిగేచోట చుట్టూ తవ్వి కుంచించుకోని గ్రౌట్‌తో నింపాలి, కారేవాటిలో చాలా పెద్ద వాటా ఈ సందులదే. గోడ, నేల కలిసే మూలను గుండ్రంగా తిప్పి, ఫైబర్ మెష్ వేసి, కోటింగ్ రెండు పొరలు, మొదటిది ఆరాక రెండోది దానికి అడ్డంగా. గోడల మీద కనీసం అడుగు ఎత్తు, షవర్ దగ్గర ఆరడుగుల దాకా. గుమ్మం దగ్గర ఆపేయకండి, మీ బెడ్‌రూమ్ గోడ ఉబ్బడానికి ఒక కారణం అదే అయ్యుండొచ్చు.

కోటింగ్ ఆరాక, ఫిల్లింగ్ వేయకముందే, మళ్లీ నీళ్లు నిలబెట్టి 48 గంటలు చూడాలి. ఈ ఒక్కదాన్ని వదిలేయమని మేస్త్రీ తప్పకుండా అడుగుతాడు, రెండు రోజుల కూలీ పోతుందని అతని బాధ. ఒప్పుకోకండి, ఆ రెండు రోజుల కూలీ అయినా ఇచ్చి ఆపండి. మీరూ పైవాళ్లూ ఇద్దరూ కింద నిలబడి సీలింగ్ చూసి, పొడిగా ఉంటేనే తర్వాత పని. ఫిల్లింగ్ మీద, టైల్స్ కింద మరోసారి కోటింగ్ వేస్తే మరీ మంచిది. నీళ్లు పోయే వాటం మీటరుకి ఒక సెంటీమీటరుకి తగ్గకుండా ట్రాప్ వైపు ఉండాలి. మొత్తం పది పన్నెండు రోజులు పడుతుంది, నాలుగు రోజుల్లో ఇస్తానన్నవాడు ఏదో ఒకటి ఆరనివ్వడం లేదని అర్థం. ఆ రోజుల్లో పైవాళ్లకి రెండో బాత్రూమ్ లేకపోతే మీదే వాడుకోమనండి. ఒక ఇంట్లో కిందివాళ్లు అలా అన్నాకే పైవాళ్లు పనికి ఒప్పుకున్నారు.

ఈలోగా మీ ఇంట్లో చేయాల్సింది కొంచెమే. ఉబ్బిన పెయింట్, పుట్టీ గీకేసి గోడని ఊపిరి తీసుకోనివ్వండి, చూడటానికి బాగోదు కానీ తొందరగా ఆరుతుంది. బీరువా, మంచం గోడకి జానెడు దూరం జరపండి. తడిసిన బట్టలు, కార్పెట్, అట్టపెట్టెలు వెంటనే తీసేయండి, తడి ఒకటి రెండు రోజులు నిలిస్తే బూజు మొదలవుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఆ గదిలో పడుకోబెట్టొద్దు.

పెయింట్ ఎప్పుడు అన్నారు. లీకేజీ ఆగిన వెంటనే కాదు. తాగిన నీళ్లు వదలడానికి స్లాబుకి వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది, పైపైన చెయ్యి పెడితే పొడిగానే తగులుతుంది కానీ లోపల ఉంటుంది. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీట్ తీసుకుని మరకున్న చోట నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అతికించి ఒక రోజు ఉంచండి. తీసినప్పుడు లోపలివైపు చెమట బొట్లు ఉన్నా, షీట్ కింద గోడ రంగు ముదిరినా ఇంకా తడి ఉన్నట్టే, రెండు వారాలాగి మళ్లీ అతికించండి. షీట్ వరసగా రెండుసార్లు పొడిగా వచ్చాక తెల్లటి పొడిని ఎండు బ్రష్‌తో దులిపి (తడిగుడ్డతో తుడిస్తే ఆ లవణం మళ్లీ లోపలికే పోతుంది), ప్రైమర్, పుట్టీ, పెయింట్ వేయించుకోండి.

మీరు మూడు రోజులు టైములు రాశాక ఇక్కడే పెట్టండి, నీళ్లు వెచ్చగా ఉన్నాయా, సబ్బు వాసన ఉందా అన్నది కూడా రాయండి. చూసి ఏ టెస్టుతో మొదలుపెట్టాలో చెబుతాను.